తొమ్మిదో అక్షరం



పోయిన నెల మా ఇంటి పాత కంప్యూటరులో డెబియన్ 12 స్థాపించుకొన్నాను. భాషల పట్టికలో తెలుగును ఎంచుకొని, దేశము, గడియారము, మీటల అమరిక అన్నీ చెప్పుకొంటూ పోయాను. వాడుకరి పేరు అడిగింది. సంకేతపదం రెండుమార్లు అడిగింది. ఆ తరువాత మరేమీ అడగకుండా తన పనిలో తాను పడిపోయింది. నేను మాత్రం తెర ముందు కూర్చొని, రాని ప్రశ్న కోసం చాలాసేపు ఎదురు చూశాను.

ఇరవై యేళ్ల కిందట ఇదే డెబియన్ ఆ ప్రశ్న అడిగేది. సంకేతపదాలను ఏ పద్ధతిలో భద్రపరచమంటావని. దానికి నేను చెప్పిన సమాధానం ఒక పిల్లవాణ్ణి దొంగను చేసింది. ఛందస్సు, వ్యాకరణం తప్ప వేరే మాట రాయని ఈ ముసలి పండితుడికి కంప్యూటరు గొడవ ఎందుకని విసుగు చెందకండి. చివరికి ఇందులోనూ ఛందస్సే వస్తుంది.

అది 2003. హాలియా పరిసరాల్లోని ఒక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుణ్ణి. సాగర్ ఎడమకాలువ కింది పల్లెల పిల్లలు చదువుకొనే బడి. దాత ఒకరు తమ కార్యాలయంలో పక్కన పెట్టేసిన కంప్యూటరును మాకిచ్చారు. దాని బాధ్యత తీసుకోవడానికి తక్కిన ఉపాధ్యాయులెవరూ ముందుకు రాలేదు. లెక్కల మాస్టారికి వ్యవసాయం, సైన్సు మాస్టారికి రోజూ మిర్యాలగూడ ప్రయాణం. నాకా కొత్త యంత్రమంటే చిన్నపిల్లల కుతూహలం. ఆ విధంగా అది తెలుగు పండితుడి పాలబడింది. హైదరాబాదు మిత్రుడొకడు డెబియన్ 3.0 డిస్కులు ఇచ్చి, డబ్బు పెట్టి కొనక్కరలేదు, నలుగురికీ పంచినా తప్పు లేదు అని చెప్పాడు. విద్యాదానం చేసే బడికి ఇంతకంటే తగిన వ్యవస్థ ఏముంటుందని మురిసిపోయాను.

స్థాపన నడిమధ్యలో ఆ ప్రశ్న వచ్చింది. ఎండీ5 అనే పద్ధతి వాడమంటారా? అది మరింత భద్రమైనది, ఎనిమిది అక్షరాలకు మించిన సంకేతపదాలకు వీలు కల్పిస్తుంది. అయితే పాత యంత్రాలతో సంకేతపదాల దస్త్రాన్ని పంచుకొనే చోట ఇబ్బందులు రావచ్చు. ఇంగ్లీషులో ఉన్న ఆ మాటల సారాంశం ఇది. నాకు అందులో ఇబ్బందులు అన్న ఒక్క ముక్కే కంటికి ఆనింది. మనకెందుకొచ్చిన ఇబ్బంది అనుకొని, వద్దు అని నొక్కేశాను. వాక్యాన్ని సగం చదివి అర్థం చెప్పే పిల్లలను నేను ఎన్నిసార్లు బెంచీ ఎక్కించానో లెక్కలేదు. ఆ రోజు సగం వాక్యం చదివినవాణ్ణి నేనే.

పదో తరగతిలో నలభైమంది. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఖాతా తెరిచాను. హాజరుపట్టీలోని సంఖ్యే వాడుకరి పేరు. సంకేతపదం పొట్టిగా ఉంటే దొంగ ఊహిస్తాడని ఎక్కడో చదివాను గనుక, అందరికీ ఒక నియమం పెట్టాను. ముందు రోమను అక్షరాలలో విద్యార్థి అని రాయాలి. దాని వెంట ఎవరికి వారు ఎవరికీ చెప్పని తమ సొంత మాట చేర్చుకోవాలి. విద్యార్థి అన్నదే తొమ్మిది అక్షరాలు. సొంత మాటతో కలిపితే పదిహేను, ఇరవై. ఇంతకంటే పటిష్ఠమైన కోట ఉంటుందా అని నా తెలివికి నేనే మెచ్చుకొన్నాను.

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు మధ్యాహ్నం ఒక పిల్లవాడు నా దగ్గరికి వచ్చి, "సార్, నేను పొరపాటున వేరే నంబరు కొట్టిన. సంకేతపదం మాత్రం నాదే కొట్టిన. అయినా తెరుచుకున్నది. అది నాది కాదు సార్, వేరేవాళ్లది" అన్నాడు. నేను నవ్వి, "నీ కళ్లు బైర్లు కమ్మి ఉంటాయిరా, సరిగా చూసుకో" అని పంపించేశాను. మరో మూడు రోజులకు, వైజ్ఞానిక ప్రదర్శన కోసం ఒక బాలిక మా ప్రాంతపు నీళ్లలోని ఫ్లోరైడు గురించి టైపు చేసి పెట్టుకొన్న నివేదిక మాయమైంది. ఆ పిల్ల ఏడుస్తూ వచ్చింది. ఆ ఖాతా సంఖ్య చూశాను. పిల్లవాడు పొరపాటున తెరిచానని చెప్పిన సంఖ్య అదే.

పిలిచి అడిగాను. "నేను తీసెయ్యలేదు సార్. తెరిచింది నిజమే. నా సంకేతపదంతోనే తెరుచుకున్నది" అన్నాడు. మూడు రోజుల కిందటి మాటే మళ్లీ చెప్పాడు. ఒక్క అక్షరం మార్చలేదు.

తీర్పు చెప్పేముందు సాక్ష్యం చూడాలి కదా. షాడో అనే దస్త్రం ఒకటుంటుంది. షాడో అంటే నీడ. యంత్రం బాధ్యుడు తప్ప ఇతరులు చదవలేరు. అందులో ప్రతి వాడుకరి పేరు పక్కన పదమూడు గుర్తుల అర్థంలేని వరుస ఒకటి ఉంటుంది. సంకేతపదం అక్కడ ఆ రూపంలో దాగి ఉంటుందని నాకు తెలుసు. పిల్లవాడి వరుస చూశాను. పిల్ల వరుస చూశాను. రెండూ వేరు. ఆదిలో పోలిక లేదు, అంతంలో పోలిక లేదు. సంకేతపదాలు ఒకటే అయితే వరుసలు ఒకటిగా ఉండాలి. వరుసలు వేరు గనుక సంకేతపదాలు వేరు. కనుక వీడు ఆమె సంకేతపదాన్ని దొంగిలించాడు, పైగా అబద్ధమాడుతున్నాడు. తర్కశాస్త్రం చదివినవాడి తీర్పు అది. తరగతి ముందు నిలబెట్టి దొంగ అన్నాను. ఏడాది చివరి దాకా కంప్యూటరు గదిలోకి రానివ్వలేదు. తండ్రిని పిలిపించాను. పొలంలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్లకు బురద ఆరలేదు. కొడుకు తరఫున నాకు దండం పెట్టి, ఇంటికి తీసుకుపోయాడు.

ఆ నివేదిక ఏమైందో నాకు ఈనాటికీ నిర్ధారణగా తెలియదు. ఆ వారంలో కరెంటు ఎన్నిమార్లు పోయిందో మాత్రం గుర్తుంది.

పదవీ విరమణ చేసిన మరుసటి ఏడు, 2018లో, తీరిక దొరికి యూనిక్సు వ్యవస్థల ముచ్చట్లు మొదటినుంచీ చదవసాగాను. క్రిప్ట్ అనే ప్రక్రియను వివరించే పుట ఒకటి ఎదురైంది. పాత పద్ధతిలో సంకేతపదం నుంచి మొదటి ఎనిమిది అక్షరాలను మాత్రమే తీసుకొంటారని, తక్కినవి లెక్కలోకి రావని అందులో ఉంది. వేళ్ల మీద లెక్కపెట్టాను. రోమను లిపిలో విద్యార్థి. వీ, ఐ, డీ, వై, ఏ, ఆర్, టీ, హెచ్. ఎనిమిది నిండాయి. తొమ్మిదోది ఐ. అది కూడా కోట బయటే ఉండిపోయింది. దాని వెనుక పిల్లలు దాచుకొన్న రహస్యాలన్నీ బయటే. నలభైమందికీ ఉన్నది ఒకే సంకేతపదం. ఎవరి ఖాతానైనా ఎవరి సంకేతపదమైనా తెరుస్తుంది. పిల్లవాడు చెప్పింది అక్షరాలా నిజం.

మరి ఆ వరుసలు ఎందుకు వేరుగా ఉన్నాయి? ఆ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

సంకేతపదాలను ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టుకోవడం మొదటినుంచీ ప్రమాదమే. 1960వ దశకంలో ఎంఐటీలో సీటీఎస్ఎస్ అనే ఉమ్మడి వ్యవస్థ ఉండేది. అందులో ఒకసారి రెండు దస్త్రాలు తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివాడికీ ఆ రోజు స్వాగతసందేశానికి బదులు అందరి సంకేతపదాల జాబితా కనబడింది. దాచినవాడు ఎంత మంచివాడైనా, దాచిన చోటు ఏదో ఒకనాడు బయటపడుతుంది. అందుచేత యూనిక్సు నిర్మాతలు కాపలాదారుకే రహస్యం తెలియకుండా కాపలా కాయించే ఉపాయం పట్టుకొన్నారు.

మా అమ్మ రోట్లో తొక్కు నూరేది. మిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి వేసి మెత్తగా నూరిన తరువాత, ఆ తొక్కులోంచి మళ్లీ మిరపకాయను బయటికి తీయగలవారు లేరు. కాని అవే దినుసులు, అవే పాళ్లలో, మళ్లీ నూరితే అదే తొక్కు వస్తుంది. యంత్రం చేసే పని ఇదే. సంకేతపదాన్ని నూరి తొక్కును మాత్రమే దాచుకొంటుంది. మరునాడు మీరు వచ్చి సంకేతపదం చెబితే దాన్ని మళ్లీ నూరి, దాచిన తొక్కుతో సరిపోలుస్తుంది. సరిపోతే తలుపు తీస్తుంది. సాంకేతికులు దీన్ని హ్యాష్ అంటారు. అమరిక దస్త్రాలలో దీనికి గూఢీకరణ పద్ధతి అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు గాని, అది సరైన మాట కాదు. గూఢీకరించినది తాళంచెవి ఉంటే మళ్లీ విప్పవచ్చు. నూరినదాన్ని విప్పే తాళంచెవి లేదు.

ఇక ఉప్పు. ఇది నా పోలిక కాదు, వాళ్లు పెట్టిన పేరే ఉప్పు. ఇద్దరి సంకేతపదాలు ఒకటే అయితే ఇద్దరి తొక్కులూ ఒకటే అవుతాయి, జాబితా చూసినవాడికి ఆ సంగతి తెలిసిపోతుంది. అలా తెలియకుండా, నూరేముందు ప్రతిదానిలో తలా ఒక రకం ఉప్పు కలుపుతారు. పాత పద్ధతిలో ఆ ఉప్పు 4,096 రకాలు. దాచిన పదమూడు గుర్తులలో మొదటి రెండూ ఉప్పు, తక్కిన పదకొండూ తొక్కు. ఉప్పు వేరైతే అవే దినుసులతో నూరినా రూపం పూర్తిగా మారిపోతుంది. దీని మరో ప్రయోజనం, దొంగ ముందే కోట్ల మాటలు నూరి పెట్టుకొని పోల్చి చూసుకోవడానికి వీలుండదు. ప్రతి ఉప్పుకూ మళ్లీ మొదటినుంచి నూరుకోవలసిందే. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి దాదాపు 65 లక్షల హ్యాష్‌లు బయటికి వచ్చినప్పుడు, వాటిలో ఉప్పు లేకపోవడమే దొంగల పని సులువు చేసింది.

రహస్యాన్ని కాపాడడం కోసం ఒకే సంకేతపదాన్ని రెండు రూపాలలో చూపే ఏర్పాటు అది. దాన్నే నేను, రెండు వేర్వేరు సంకేతపదాలున్నాయనడానికి సాక్ష్యంగా తీసుకొన్నాను. ఉప్పు తన ధర్మాన్ని తాను నిర్వర్తించింది. సగం తెలిసినవాడు తీర్పరిగా కూర్చోవడమే అక్కడ జరిగిన తప్పు.

ఇప్పుడు ఛందస్సులోకి వస్తాను. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. ఇరవై అక్షరాల పాదాలున్న వృత్తాలను కృతి అనే ఛందంలో చేరుస్తారు. ఒక్కొక్క స్థానంలో గురువో లఘువో ఉండవచ్చు గనుక ఆ ఛందంలో 10,48,576 వృత్తాలకు వీలుంది. వాటన్నిటినీ ఒక క్రమంలో రాసుకొంటూ పోవడం ప్రస్తారం. ఆ క్రమంలో ఉత్పలమాల 3,55,799వ వృత్తం. గణాలు ఇచ్చి సంఖ్య అడిగితే లెక్కకట్టే ప్రక్రియ ఉద్దిష్టం. సంఖ్య ఇచ్చి గణాలు అడిగితే వెలికితీసే ప్రక్రియ నష్టం. పోయినదాన్ని వెతికి తెచ్చేది గనుక ఆ పేరు. ఉద్దిష్టం ఎంత సులభమో నష్టం కూడా అంతే సులభం. కాగితం, కలం ఉంటే పది నిమిషాల పని.

హ్యాష్ అంటే ఉద్దిష్టం ఉండి నష్టం లేని గణితం. ఇది తట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోయేదారి ఉంది, వచ్చేదారి లేదు. అటువంటప్పుడు దొంగకు మిగిలేది ప్రస్తారం ఒక్కటే. వీలైన మాటలన్నిటినీ ఒక్కొక్కటిగా రాసుకొని, నూరి, సరిపోయిందా అని చూసుకొంటూ పోవాలి. కాబట్టి రక్షణ అంతా రెండింటిలో ఉంది. ప్రస్తారం ఎంత పెద్దది, ఒక్కొక్క మెట్టుకు ఎంత కాలం పడుతుంది. మొదటిది మన చేతిలో ఉంది, సంకేతపదం పొడవు, అపూర్వత. రెండోది పద్ధతి చేతిలో ఉంది. పద్ధతిని ఎంచుకోవడమంటే, నూరడం ఎంత నెమ్మదిగా సాగాలో ఎంచుకోవడమే.

కంప్యూటరు శాస్త్రంలో నెమ్మదితనాన్ని సుగుణంగా కోరుకొనే చోట్లు తక్కువ. వాటిలో ఇది ఒకటి. యూనిక్సులో తొలుత రెండవ ప్రపంచయుద్ధకాలపు ఎం-209 అనే అమెరికా సైనిక యంత్రాన్ని అనుకరిస్తూ నూరేవారు. అది మరీ వేగంగా నూరడమే దోషమైంది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ తమ అనుభవాన్ని వ్యాసంగా ప్రకటించారు. వాళ్లు సేకరించి చూసిన 3,289 సంకేతపదాలలో 2,831 చిన్నచిన్న మాటలో, నిఘంటువులలో దొరికే మాటలో అట. అంటే 86 శాతం. అందుకని డీఈఎస్ అనే గూఢలిపి విధానాన్ని ఇరవైఐదు సార్లు తిప్పి, ఉప్పు కలిపి, కావాలని నెమ్మదింపజేశారు. ఆ డీఈఎస్ తాళం పొడవు 56 బిట్లు. అక్షరానికి ఏడు బిట్ల చొప్పున ఎనిమిది అక్షరాలతో అది నిండిపోతుంది. నా తొమ్మిదో అక్షరానికి చోటు లేకపోవడానికి కారణం అదే. ఆనాటి యంత్రాలకు అది గొప్ప రక్షణ. ఆ థాంప్సన్ గారు పూర్వం పెట్టుకొన్న సంకేతపదాన్నే 2019లో ఒకరు ఛేదించారు. అది చదరంగంలో ఒక ఎత్తు, మంత్రి ముందరి బంటును రెండు గళ్లు జరపడం. సరిగ్గా ఎనిమిది గుర్తులు. బొమ్మలాటల కోసం తయారుచేసే ఒక గ్రాఫిక్ కార్డు నాలుగు రోజులకు పైగా శ్రమపడితే చిక్కింది.

నేను వద్దన్న ఎండీ5 పద్ధతిని 1990వ దశకంలో డెన్మార్కుకు చెందిన పౌల్-హెన్నింగ్ క్యాంప్ ఫ్రీబీఎస్డీ కోసం సమకూర్చారు. అక్షరాల పరిమితి పోయింది, నూరడం వెయ్యి చుట్లకు పెరిగింది. 2012లో ఆయనే ముందుకు వచ్చి, ఇది ఇక సురక్షితం కాదు, మానుకోండి అని బహిరంగంగా చెప్పారు. తన గ్రంథానికి తానే కాలం చెల్లిందని చెప్పిన ఆ మాట నాకెంతో గౌరవప్రదంగా తోచింది. 1999లో ఓపెన్‌బీఎస్డీ వారి బీక్రిప్ట్ వచ్చింది. నెమ్మదితనాన్ని ఒక సంఖ్యగా బయట పెట్టి, యంత్రాలు వేగం పుంజుకొన్న కొద్దీ పెంచుకోమనడం అందులోని విశేషం. సంఖ్య ఒకటి పెరిగితే శ్రమ రెట్టింపు. 2007లో ఉల్రిష్ డ్రెప్పర్ షా-512 పద్ధతిని ఇచ్చారు. అందులో మామూలుగా ఐదువేల చుట్లు, కావాలంటే పెంచుకోవచ్చు. 2011లో వచ్చిన డెబియన్ 6 నుంచి కొన్నేళ్లు అదే రాజ్యమేలింది.

ఇంతలో దొంగల చేతికి వేలకొద్దీ చిన్న రోళ్లున్న గ్రాఫిక్ కార్డులు వచ్చాయి. నూరే కాలాన్ని పెంచితే చాలదని, నూరడానికి కావలసిన చోటును కూడా పెంచాలని 2009లో కాలిన్ పర్సివల్ ఎస్‌క్రిప్ట్ ద్వారా చూపారు. ఒక్కొక్క రోటికీ పెద్ద గది కావలసి వస్తే వెయ్యి రోళ్లు పక్కపక్కన పెట్టుకోవడం కుదరదు కదా. ఆ మార్గంలోదే 2015లో సంకేతపదాల పోటీలో నెగ్గిన ఆర్గాన్2. ఎస్‌క్రిప్ట్ మీదనే కట్టినది యెస్‌క్రిప్ట్. 2021లో వచ్చిన డెబియన్ 11 నుంచి ఇదే మామూలు పద్ధతి. అందుకే నన్ను ఏమీ అడగలేదు. నా వంటివాడు సగం వాక్యం చదివి వద్దని నొక్కే ప్రమాదాన్ని తప్పించారన్నమాట.

అయినా ఎంచుకోదలచినవారు ఎంచుకోవచ్చు. డెబియన్‌లో పామ్ సంచయంలోని కామన్-పాస్‌వర్డ్ అనే దస్త్రంలో పద్ధతి పేరు ఉంటుంది. లాగిన్.డెఫ్స్ అనే దస్త్రంలో కూడా అటువంటి పంక్తి కనిపిస్తుంది గాని, సంకేతపదం మార్చే మామూలు ఆజ్ఞ పామ్ మాటనే వింటుంది. మీ యంత్రం ఏ పద్ధతి వాడుతోందో తెలుసుకోవాలంటే షాడో దస్త్రంలో మీ పేరు పక్కన చూడండి. డాలరు గుర్తుల నడుమ 1 ఉంటే ఎండీ5, 6 ఉంటే షా-512, రోమను వై అక్షరం ఉంటే యెస్‌క్రిప్ట్. డాలరు గుర్తే లేకుండా పదమూడు గుర్తులుంటే అది నా 2003.

యూనికోడు తెలుగు మీద ప్రేమతో సంకేతపదం కూడా తెలుగులోనే పెట్టుకోవాలని మనలో చాలామందికి ఉబలాటం. నాకూ ఉండేది. అందులోని చిక్కు చూడండి. యూటీఎఫ్-8లో మన ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు. అందులో మొదటి బైటు తెలుగంతటికీ ఒకటే. రెండోది రెండింటిలో ఒకటి. అసలు తేడా మూడోదానిలో ఉంటుంది. పాత డీఈఎస్ పద్ధతి తీసుకొనేది ఎనిమిది బైట్లే, అంటే రెండు సంకేతాలు, మూడోదానిలో కొసరు. ఆ లెక్కన నన్నయ, నన్నెచోడుడు, ననుపు మూడూ ఆ యంత్రానికి ఒకే సంకేతపదం. ఆదికవి ఎవరన్న వాదాన్ని అది ఆ విధంగా పరిష్కరించింది! ప్రపంచంలోని తెలుగు మాటలన్నీ కలిసినా దాని దృష్టిలో 32,768కి మించవు. బీక్రిప్ట్‌కు హద్దు 72 బైట్లు, అంటే 24 తెలుగు సంకేతాలు. వృత్తపద్యంలో ఒక పాదం కూడా పూర్తిగా పట్టదు. షా-512కు, యెస్‌క్రిప్ట్‌కు ఈ ఇరుకు లేదు. కాని మరో సంగతి ఉంది. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి మరో గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, రోటికి వేరు. తెర మీద అక్షరాలకు బదులు చుక్కలే కనిపించే చోట ఈ తేడా పట్టుకోవడం మన వల్ల కాదు. అందుచేత తెలుగు మాటలనే నాలుగైదు, ఒకదానికొకటి పొంతన లేనివి, రోమను అక్షరాలలో రాసుకోవడం మేలని నా అభిప్రాయం. ప్రసిద్ధ పద్యపాదాలు వద్దు. మనకు కంఠస్థమైనది దొంగకూ కంఠస్థమే.

చివరిగా ఒక ముఖ్యమైన మాట. పద్ధతి మార్చినంతమాత్రాన, పాత పద్ధతిలో నూరి దాచినవి కొత్త పద్ధతిలోకి మారవు. మార్చాలంటే అసలు సంకేతపదం కావాలి. అది యంత్రం దగ్గర లేదు. ఆ మనిషే వచ్చి, మళ్లీ తన నోటితో చెబితే తప్ప పాత వరుస పాతదిగానే ఉండిపోతుంది.

ఈ వాక్యం నన్ను చాలాకాలం వెంటాడింది. 2018లో నిజం తెలిసినా ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్లవాడు ఎక్కడో దూరదేశంలో ఉన్నాడా అంటే అదీ కాదు. హాలియాలోనే ఎరువుల దుకాణం పెట్టుకొన్నాడు. దారిలో కనబడిన ప్రతిసారీ "నమస్తే సార్" అంటాడు. నేనూ నమస్తే అని ముందుకు నడిచేవాణ్ణి. మొన్న డెబియన్ స్థాపించిన మరునాడు, ఆ రాని ప్రశ్న మనసులో మెదులుతుండగా దుకాణానికి వెళ్లాను. గిరాకీ పలచబడేదాకా స్టూలు మీద కూర్చొని, తరువాత మొత్తం చెప్పాను. ఎనిమిది అక్షరాలు, ఉప్పు, నా తీర్పు, అన్నీ.

"ఇంకా యాదికున్నదా సార్ మీకు? నేనెప్పుడో మర్చిన" అని నవ్వాడు. చాయ్ తెప్పించాడు. ఎవరికో యూరియా బస్తాల లెక్క చెప్పి పంపాడు. కాసేపటికి తనంతట తానే, తల ఎత్తకుండా అన్నాడు. "మా నాయినకు ఒక్కసారి చెప్తే బాగుండు సార్. నేను అబద్ధమాడలేదని ఎంత చెప్పినా నమ్మకపోయె. పండితుడు సార్ తప్పు చెప్తడా అనేటోడు. ఆయన పోయి రెండేండ్లాయె."

అంటే నాకు తెలిసిన తరువాత కూడా ఆయన బతికే ఉన్నాడు. నా దగ్గర సమాధానం లేకపోయింది. చాయ్ చల్లారిపోయింది.

లేచి వస్తుంటే, తన కూతురు ఏడో తరగతి చదువుతున్నదని, సెలవుల్లో కంప్యూటరు నేర్పుతారా అని అడిగాడు. ఎవరిని అడుగుతున్నాడో తెలిసే అడిగాడు. మరుసటి ఆదివారం ఆ పాప వచ్చింది. ఖాతా తెరిచి, సంకేతపదం పెట్టుకొమ్మని కుర్చీ అప్పగించి, నేను కిటికీ వైపు తిరిగి నిలుచున్నాను.

"తాతా, పెద్దది పెట్టుకోవచ్చా?" అంది.

"నీకు గుర్తుండేంత పెద్దది పెట్టుకోమ్మా. ఇందులో చివరి అక్షరం దాకా లెక్కకు వస్తుంది" అన్నాను.

చాలాసేపు మీటల చప్పుడు వినబడింది. స్వస్తి.